వెదురు వనాలలో అంతరపంటగా ఔషధ మొక్కలు: నేల సూక్ష్మజీవులపై ప్రభావం

సారాంశం: వెదురు నీడలో ఔషధ మొక్కలను పెంచినపుడు నేలలోని సూక్ష్మజీవుల సముదాయం మారుతుంది. ఆ మార్పునకు కారణాలను, ఫలితాలను అర్థం చేసుకొనుటలో పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం
చైనాలో మోసో వెదురు (ఫిల్లోస్టాకిస్ ఎడ్యులిస్) 40 లక్షల హెక్టార్లకు పైగా విస్తరించి ఉంది. జెజియాంగ్, ఫుజియాన్ వంటి రాష్ట్రాలలో ఈ వనాల నీడలో పాలిగొనాటమ్ సిర్టోనెమా వంటి దుంపజాతి ఔషధ మొక్కలను సాగు చేస్తున్నారు. అధిక దిగుబడికై రసాయన ఎరువులు, లోతు దుక్కులు ఏళ్ల తరబడి కొనసాగిన వనాలలో నేల ఆమ్లత్వం పెరిగి, సేంద్రియ కర్బనం తగ్గుతుంది. అంతరపంట ఈ క్షీణతను సరిచేయగలదా అన్నదే ప్రధాన ప్రశ్న.

మార్పు జరిగే విధానం
వెదురు ఆకులలో సిలికా ఎక్కువ. కర్బన-నత్రజని నిష్పత్తి కూడా అధికం. అందువలన అవి నిదానంగా కుళ్లుతాయి. ఔషధ మొక్కల మెత్తని ఆకులు త్వరగా కుళ్లి, బాక్టీరియాకు సులభంగా ఆహారమవుతాయి. వేరు స్రావాలలోని చక్కెరలు, సేంద్రియ ఆమ్లాలు దీనికి తోడవుతాయి. పోషకాలు కొరవడిన ఆమ్ల నేలలలో అసిడోబాక్టీరియా వర్గం ప్రబలంగా ఉంటుంది. సులభంగా లభించే కర్బనం పెరిగినపుడు ప్రోటియోబాక్టీరియా వాటా పెరిగే అవకాశముంది.

ఆమ్లత్వం గల ఎర్రనేలలలో భాస్వరం ఇనుము, అల్యూమినియంతో బంధింపబడి మొక్కలకు అందదు. వెదురు, పాలిగొనాటమ్ రెండూ ఆర్బస్క్యులర్ మైకోరైజా శిలీంధ్రాలకు ఆశ్రయమిస్తాయి. కనుక ఈ సహజీవనం భాస్వర పోషణకు కీలకం.

ప్రతికూలతలు
దుంపజాతి పంటను అదే చోట మరల మరల వేసినపుడు ఫ్యుజేరియం వంటి తెగులు కారక శిలీంధ్రాలు పోగుపడతాయి. దుంపలు త్రవ్వునపుడు శిలీంధ్ర తంతువుల అల్లిక తెగిపోతుంది. వాలు భూములలో పైమట్టి కొట్టుకుపోతుంది. కొన్నేళ్లలో సమకూరిన ప్రయోజనం ఒక్క త్రవ్వకంతో తగ్గిపోవచ్చు.

ఫలితాలను చదువుట
డి.ఎన్.ఎ. వరుసక్రమ విశ్లేషణ సాధారణంగా ఒక్కొక్క వర్గపు వాటాను చూపుతుందే గాని, సంఖ్యను చూపదు. ఇతర వర్గాలు తగ్గినపుడు కూడా ఒక వర్గపు వాటా పెరిగినట్లు కనిపిస్తుంది. వైవిధ్య సూచిక మేలు చేసే జీవులను, కీడు చేసే జీవులను వేరుచేయదు. కనుక సూక్ష్మజీవ కర్బనం, యూరియేజ్, ఫాస్ఫటేజ్ ఎంజైముల చర్యలను కూడా కొలవాలి. అంతరపంటకు వేసిన ఎరువు ప్రభావాన్ని మొక్క ప్రభావంగా భ్రమించరాదు.

మన పరిస్థితులకు అన్వయం
మోసో వెదురు భూగర్భ కాండంతో దూరదూరంగా ప్రాకుతుంది. మన ఆకురాల్చు అడవులలోని డెండ్రోకలామస్ స్ట్రిక్టస్ గుంపుగా పెరిగి, ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది. కావున చైనా ఫలితాలను యథాతథంగా సిఫారసు చేయుట తగదు. నేలవేము వంటి మొక్కలతో ప్రయోగం చేయదలచినవారు నాలుగు చర్యలను పోల్చాలి: వెదురు మాత్రమే, వెదురు, పశువుల ఎరువు, వెదురు, ఔషధ మొక్క, ఈ మూడూ కలిపి. పొద మొదట్లోను, పొదల నడుమ ఖాళీలోను వేర్వేరుగా, వర్షాకాలంలోను వేసవిలోను మట్టి నమూనాలు తీయాలి.

ముగింపు
అంతరపంట నేలకు మేలు చేసిందని చెప్పుటకు ఒక్క వైవిధ్య సూచిక చాలదు. పంట కోత తరువాత కూడా నేల జీవం నిలిచినదని చూపగలిగినపుడే ఆ పద్ధతిని రైతుకు సిఫారసు చేయవచ్చు.