ప్రశ్నలు – జవాబులు: పూడిన మురుగు ట్యాంకులు

ప్రశ్న: ఆర్యా, మాది అమ్రాబాదు. సినిమా షూటింగులకు తిరిగి పాతబడిన క్యారవాన్ నొకదానిని కొని, శ్రీశైలయాత్ర చేయు కుటుంబములకు అద్దెకిచ్చుచున్నాను. వృద్ధులును, పసిపిల్లల తల్లులును అందలి మరుగుదొడ్డిని చూచియే బండి కుదుర్చుకొందురు. ఇప్పుడు దాని క్రింది ట్యాంకు పూడిపోయినది. పైన పోసిన నీరు దిగదు. అడుగున వాల్వు తెరచినచో సన్నని ధార వచ్చి ఆగిపోవును. ఒక మెకానిక్కు యాసిడ్ పోయుమనుచున్నాడు. మరియొకరు ట్యాంకును కోసి మనిషిచేత గోకించుమనుచున్నారు. ఏది మేలు?

జవాబు: అయ్యా, ఆ రెండు సలహాలలో ఏదియు పాటింపవలదు. యాసిడ్ గట్టిపడిన మలమును కరగింపజాలదు. పైపెచ్చు లోహపు భాగములను, రబ్బరు వాషర్లను తిని, వాల్వు ఎల్లప్పుడును కారునట్లు చేయును. అంతకు ముందెవరైన బ్లీచింగు పౌడరు చల్లియున్నచో దానితో కలిసి క్లోరిన్ వాయువును పుట్టించును. ఆ ఇరుకు గదిలో దానిని పీల్చినవాని ఊపిరితిత్తులకు ముప్పు తప్పదు. మనిషిచేత గోకించుటను గూర్చి రెండవ జవాబులో విపులముగా వ్రాసెదను.

మీరు చెప్పిన లక్షణములను బట్టి చూడగా కారణము ఊహింపదగినదే. బండి దినములతరబడి ఒకేచోట నిలిచినప్పుడు హోసు పైపును తగిలించి, వాల్వును తెరచియే ఉంచినచో, ద్రవభాగమంతయు ఎప్పటికప్పుడు జారిపోవును. ఘనభాగము మాత్రము కదలక, దొడ్డి గొట్టమునకు సరిగా క్రింద నిలిచి, పొరమీద పొరగా పేరుకొని, ఎండి, గోపురమువలె లేచి తుదకు గొట్టపు మూతినే మూసివేయును. నీరు తక్కువగా పోయు అలవాటు గలచోట వాల్వు మూసియున్నను ఇట్లే జరుగును. కావున నీటి లోపమువలన పుట్టిన ఈ వ్యాధికి నీరే ఔషధము. అది పనిచేయుటకు వ్యవధి మాత్రము ఈయవలెను.

మొదట వాల్వును గట్టిగా మూయుడు. చేయి ఓర్చునంత వేడి గల నీటిని దొడ్డి గొట్టములో పట్టినంతవరకు పోసి, రాత్రియంతయు నాననిండు. సలసల కాగు నీరు కూడదు. పీవీసీ గొట్టములు 80 డిగ్రీల సెల్సియస్ దాపున మెత్తబడును. తెల్లవారునప్పటికి నీరు కొంత దిగియుండును. దిగినంత మరల పోయుడు. ఒక రాత్రితో తీరకున్న మరి రెండు మూడు రాత్రులు ఇట్లే చేయుడు. పై పొర మెత్తబడిన పిమ్మట, మోచేతులవరకు రబ్బరు తొడుగులు వేసికొని, కన్నులకు అద్దములు పెట్టుకొని, తలుపులు కిటికీలు బార్లా తెరచి, వంగు ప్లాస్టిక్ గొట్టముతో మెల్లమెల్లగా పొడిచి త్రోవ చేయుడు. ఇనుపకడ్డీ తగిలినచో ప్లాస్టిక్ ట్యాంకు అడుగు చీలవచ్చును. మురుగులో పుట్టు మీథేను మండు స్వభావము కలది గనుక ఆ దాపున బీడీ వెలిగింపనీయకుడు.

త్రోవ ఏర్పడినంతనే పని ముగిసినదని తలంచి వాల్వు తెరచువారు మరల అదే కష్టము పడుదురు. ట్యాంకులో మూడింట రెండుపాళ్లు నీరు నింపి, పాత్రలు తోము ద్రావకము కొంచెము కలిపి, బండిని కొంతసేపు నడుపుడు. అమ్రాబాదునుండి మన్ననూరు మీదుగా అచ్చంపేటకు పోవు త్రోవలో మలుపులును, ఎత్తుపల్లములును ఆ నీటిని బాగుగా కుదిపి, గోడల నంటిన పొరను ఊడదీయును. అచ్చంపేటకే ఏల పోవలెననగా, ఆ మురుగును ఖాళీచేయుటకు తగిన స్థలము చూచుకొనవలెను గనుక. అక్కడి పురపాలక కార్యాలయమున విచారించి, సెప్టిక్ ట్యాంకులు శుభ్రపరచు బండిని ముందుగా పిలిపించి, మీ హోసు పైపును దానికే కలిపి పీల్పించుట ఉత్తమము. ఆ బండివాడు దానిని శుద్ధికేంద్రమునకే చేర్చునట్లు మాట తీసికొనుడు. ఈ విషయమున మన రాష్ట్రమున మార్గము చూపినది వరంగల్ నగరము. సెప్టిక్ ట్యాంకుల మురుగును ఎవరు తోడవలెనో, ఎచటికి చేర్చవలెనో తెలుపు నియమావళిని ఆ నగరపాలక సంస్థ 2016లోనే రూపొందించినది.

ఎంత ఆలస్యమైనను, ఎంత చీకటియైనను, నల్లమలలో వాగుగట్టున వాల్వు తెరువవలదని మిమ్ము వేడుకొనుచున్నాను. ఆ వాగుల నీరే చెంచుల పల్లెలగు పెంటల చెలమలలో ఊరును. జింకలును పులులును త్రాగు నీరును అదియే. మురుగును వాగులలోనికి వదలుట 1974నాటి జలకాలుష్య నివారణ చట్టమును అనుసరించి నేరము. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు అడవిదారిలో వాహనములను అనుమతింపరను సంగతి మీకు తెలిసినదే. కనుక యాత్రికులను ఎక్కించుకొనుటకు ముందే ట్యాంకును ఖాళీచేసి బయలుదేరుడు.

ఖాళీచేయునప్పుడు వాల్వును ఒక్కసారిగా పూర్తిగా తెరువుడు. వేగముగా పోవు నీరే ఘనభాగమును ఈడ్చుకొనిపోవును. మొదట దొడ్డి ట్యాంకును, పిమ్మట స్నానపు నీటి ట్యాంకును వదలినచో ఆ సబ్బునీరు గొట్టమును కడుగును. తరువాత వాల్వు మూసి, దొడ్డి ట్యాంకులో రెండు బకెట్ల నీరు పోసి ఉంచుడు. తడి టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు లోన వేయరాదని తలుపు లోపలివైపు పెద్ద అక్షరములతో వ్రాసి అతికింపుడు. ఫార్మాల్డిహైడ్ కలిసిన నీలిరంగు మందులు కొనవలదు: అవి వాసనను అణచును గాని, సెప్టిక్ ట్యాంకులో మురుగును జీర్ణము చేయు సూక్ష్మజీవులనుకూడ చంపును, ఆ రసాయనము మనుష్యులకు క్యాన్సరు కారకమని నిర్ధారణయైనది. ఖాళీచేసిన తరువాత కూడ మీటరు ‘నిండినది’ అని చూపినచో కంగారు పడవలదు. కాగితపు ముక్కయో, జిడ్డో లోపలి సెన్సారుకు అంటుకొనియుండును.

ప్రశ్న: మా ఇంటి సెప్టిక్ ట్యాంకు నిండి పొంగుచున్నది. ఇల్లు ఇరుకు సందులోనున్నందున బండి రాదని చెప్పి, ఒక మేస్త్రి ఇద్దరు మనుష్యులను దింపి తోడించెదననుచున్నాడు. వారును ఒప్పుకొనిరి. ఒప్పింపవచ్చునా? – ఒక గృహిణి, పదర.

జవాబు: అమ్మా, వారు ఒప్పుకొన్నను మీరు ఒప్పుకొనవలదు. మూసియున్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ అను వాయువు చేరియుండును. అది గాలికంటె బరువైనది గనుక అడుగుననే నిలుచును. తొలుత కుళ్లిన కోడిగుడ్డు వాసనతో హెచ్చరించును. మోతాదు మించినప్పుడు ముక్కునకు వాసన తెలియు శక్తియే నశించును. అందుచేత ‘వాసన తగ్గినది, దిగవచ్చును’ అనుకొనిన క్షణమే ప్రాణాంతకమగును. మొదట దిగినవాడు కూలినంతనే అతనిని రక్షింపబోయి రెండవవాడును కూలును; ఇట్టి మరణములు జంటలుగా జరుగుటకు హేతువిదియే. మూత తెరచి గంటసేపు ఉంచినను, దీపము దింపి చూచినను నమ్మదగిన రక్షణ లేదు.

2013నాటి చట్టము, మనిషిని ఇట్లు దింపుటను నిషేధించినది. మొదటి నేరమునకే రెండేండ్లవరకు కారాగారమో, రెండు లక్షల రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ఈ దురాచారమును రూపుమాపు పోరాటమున అగ్రగణ్యుడు మన భాషవాడే. కోలారు బంగారు గనులలో పారిశుద్ధ్య కార్మికుల తెలుగు కుటుంబమున 1966లో జన్మించిన బెజవాడ విల్సన్, తనవారు చేతులతో మలమును ఎత్తుట చూచి సహింపలేక, సఫాయి కర్మచారి ఆందోళన్ అను సంస్థను నిర్మించినవారిలో ఒకడై, 2016లో రామన్ మెగసెసె పురస్కారమును పొందెను. ఆ సంస్థ వేసిన వ్యాజ్యమున సుప్రీం కోర్టు 2014 మార్చి 27న ఇట్లు మురుగులో దిగి మృతుడైనవాని కుటుంబమునకు పది లక్షల పరిహారము నిర్ణయింపగా, 2023 అక్టోబరు 20 నాటి తీర్పు దానిని ముప్పది లక్షలకు పెంచినది. అయినను ఆ సొమ్ము ఏ తల్లికి బిడ్డను తెచ్చి ఇచ్చును?

సందు ఇరుకైనచో బండిని వీధిమొగనే నిలిపి, పొడవైన గొట్టములను ఒకదానికొకటి తగిలించి పీల్పింపవచ్చును. పొడవైన గొట్టములుగల బండికై ముందుగానే అడుగుడు. పిమ్మట రెండు మూడేండ్ల కొకసారి పొంగుటకు ముందే తీయించుడు. పీల్పించిన పిమ్మటకూడ నీరు వెనుకకు తన్నుచున్నచో దోషము ట్యాంకుది కాదు, నీరు ఇంకు గుంతది. వంటింటి జిడ్డునీటిని ట్యాంకులోనికి మళ్లింపకుడు.

ప్రశ్న: మా పెంటలో కొత్తగా మరుగుదొడ్లు కట్టనున్నారు. సెప్టిక్ ట్యాంకా, రెండు గుంతలా? – ఒక పాఠకుడు, మన్ననూరు.

జవాబు: రెండు గుంతలే. ఒకటి నిండగనే మురుగును రెండవదానికి మళ్లించి, మొదటిదానిని మూసి ఏడాదికి పైగా ఉంచినచో అందలి మలము వాసనలేని పొడి ఎరువుగా మారును. 2017 ఫిబ్రవరిలో వరంగల్ ప్రాంతపు గంగదేవిపల్లిలో కేంద్ర ప్రభుత్వ పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయముగా అట్టి గుంతలోనికి దిగి ఎరువును తీసి చూపెను. పూర్తిగా ఎండి, నీరు చొరని గుంత విషయము వేరు, పచ్చి మురుగు నిండిన సెప్టిక్ ట్యాంకు విషయము వేరు. మొదటిదానిని చూచి రెండవదానిలో దిగుటకు తెగింపరాదు.

అయితే అమ్రాబాదు పీఠభూమి క్వార్ట్జైట్ రాతినేల. పైన మన్ను పలుచగానున్నచో గుంతలలోని నీరు రాతిపగుళ్లవెంట పోయి బోరును చేరగలదు. మన్ను దట్టముగా నున్న చోటును ఏరి, బోరుకును చెలమకును వీలైనంత దూరముగా, పల్లపువైపున త్రవ్వించుడు. ఏ గుంతను ఏనాడు మూసితిరో ఆ తేదీని దాని మూతమీదనే పెయింటుతో వ్రాయించుడు.