ఎక్కిన గేర్లనే దిగాలె

మా దుబ్బాకలో ఘాట్ రోడ్డు లేదు. పోయినేడు శ్రీశైలం దారిలో చిన్నాయన పాత ప్రీమియర్ పద్మిని నడిపేదాకా నాకు డ్రైవింగ్ పూర్తిగా వచ్చనే అనుకున్న.

మన్ననూరు చెక్‌పోస్టు దాటితే నల్లమల అడవి. ఈగలపెంట దాటినంక మలుపులు తిరుగుతూ కృష్ణ లోయలోకి దిగుతాం. ఇంతకంటే నాకు నచ్చిన రోడ్డు లేదు. పెట్రోలు మిగులుతదని ఆ దిగుడులో న్యూట్రల్ చేసిన. కొన్ని మలుపులకే కాలిన వాసన. బ్రేక్ పెడల్ లోతుకు పోతున్నది. "రెండో గేరెయ్ బిడ్డా, ఎక్కిన గేర్లనే దిగాలె" అన్నడు చిన్నాయన. అట్ల బయటపడ్డం.

హాస్టల్‌కొచ్చి లెక్క వేసిన. మనుషులతో కలిపి బండి 1,200 కిలోలు, దిగుడు 300 మీటర్లు అనుకుందాం. ఎంజీహెచ్ సుమారు 35 లక్షల జౌళ్లు. 12 లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగించేంత వేడి! న్యూట్రల్‌లో దిగితే అందులో ఎక్కువ భాగం బ్రేకులదే. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. వేడికి డ్రమ్ము వ్యాకోచించి లైనింగ్‌కు దూరమవుతది, లైనింగ్ పట్టు కూడా తగ్గుతది. ఇదే బ్రేక్ ఫేడ్.

గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే చక్రాలే ఇంజన్‌ని తిప్పాలి. థ్రాటిల్ మూసి ఉంటది కాబట్టి పిస్టన్లు గాలిని కష్టంగా లాగుతయి. ఆ పని, లోపలి రాపిడి కలిసి బండిని పట్టి ఉంచుతయి. గేర్ తగ్గితే ఇంజన్ ఎక్కువ తిరుగుతది, పట్టు పెరుగుతది.

ఫ్రెండ్స్, ఘాట్‌కు పోతే దిగుడు మొదలుకాకముందే గేర్ తగ్గించండి. వాసన వచ్చేదాకా ఆగకండి.