వంటగది గోడ పడగొట్టే ముందు

ప్రశ్న: పాత ఇంట్లో వంటగదిని మార్చేటప్పుడు మధ్యగోడను తీసివేయవచ్చునా?

జవాబు: అది ఆ గోడ స్లాబును మోస్తున్నదా లేదా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. పిల్లర్లు, బీములతో కట్టిన ఇంట్లో 4.5 అంగుళాల ఇటుకగోడ సాధారణంగా గదులను వేరుచేసే అడ్డుగోడ మాత్రమే కాగా, పిల్లర్లు లేని పాత ఇళ్లలో 9 అంగుళాల గోడలే పైకప్పు బరువు మోసే భారవాహక గోడలు గనుక, వాటిని ఇంజనీరు పరిశీలించకుండా ముట్టుకోరాదు. మందం ఒక్కటే రుజువు కాదు; మేస్త్రి సుత్తితో తట్టి చెప్పే తీర్పు అంతకన్నా కాదు. పనికి ముందు గ్యాస్ సిలిండరును బయటికి తరలించి, మెయిన్ స్విచ్ ఆపి, ట్యాంకు వాల్వు కట్టివేసి, సింకు మురుగు గొట్టం మూతికి గుడ్డ బిగించాలి. లేకుంటే పెచ్చులు పడి గొట్టం పూడుకుపోతుంది. గట్టుమీది గ్రానైటు పలకను అంచుల సిమెంటు గీకి నిదానంగా ఎత్తితే అది మళ్లీ పనికివస్తుంది.