డెబ్బై నిండిన వెంటనే చేయవలసిన పని

కల్లూరు

చిరంజీవి మనవడికి,

ఇంట్లో డెబ్బై ఏళ్లు నిండిన పెద్దలు ఉన్నప్పుడు, వారి పేరు ఆయుష్మాన్ వయ వందన కార్డుకు నమోదైందో లేదో చూడడం ఆ ఇంటి చదువుకున్న పిల్లల బాధ్యత. 2018 సెప్టెంబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్ తొలుత పేద కుటుంబాలకే పరిమితం కాగా, 2024 అక్టోబరు 29 నుంచి డెబ్బై నిండిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా దానిని విస్తరించి ఈ కార్డు ఇస్తున్నారు. ఒక కుటుంబంలోని అట్టి వృద్ధులందరికీ కలిపి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు, ఆసుపత్రిలో చేరి పొందే చికిత్స నగదు రహితంగా, అంటే రోగి కట్టనక్కర లేకుండా ప్రభుత్వమే ఆసుపత్రికి చెల్లించే పద్ధతిలో లభిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ వైద్య పథకం ఆరోగ్యశ్రీ ఉండగా ఇది ఎందుకని కొందరు అడుగుతారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగిన మాట నిజమే గాని, అది ఆహార భద్రత కార్డును ఆధారం చేసుకొన్నది. వయ వందనకు ఆ కార్డుతో పని లేదు, ఆధార్ ఒక్కటి చాలు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పెద్దలు కొందరికి అక్కడి వృద్ధుల ఆరోగ్య బీమా అయిన మెడికేర్ సంగతి తెలుసు. అందులో 65 ఏళ్లు నిండే నెల, దానికి అటు మూడు, ఇటు మూడు కలిపి ఏడు నెలల్లో నమోదు కావాలి. ఉద్యోగం ద్వారా వేరే బీమా లేకుండా ఆ గడువు దాటినవారికి, డాక్టరు ఫీజుల వంటివి భరించే పార్ట్ బి అనే భాగంలో, ఆలస్యమైన ప్రతి పన్నెండు నెలలకూ నెలవారీ చందాపై 10 శాతం చొప్పున జరిమానా పడి, సాధారణంగా జీవితాంతం వెంట వస్తుంది. వయ వందనకు అట్టి గడువూ లేదు, జరిమానా లేదు, చందాయే లేదు. అంతకుముందే ఉన్న బీపీ, షుగరు, గుండె జబ్బులకు సైతం మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఇంత సులువైనది కనుకనే, అవసరం వచ్చినప్పుడు చూద్దామని జనం వాయిదా వేస్తున్నారు.

చిక్కంతా ఆధార్‌లో ఉన్నది. డెబ్బై నిండినదీ లేనిదీ తేల్చేది అందులో నమోదైన వయసే గాని, మనిషి అసలు వయసు కాదు. ఖమ్మం జిల్లాలోని మన కల్లూరు మొదలు భద్రాచలం అడవి అంచు దాకా బడి ముఖం చూడని ముసలివారు ఎందరో ఆధార్ దిగిన నాడు వయసు ఉజ్జాయింపుగా చెప్పినవారే. నిజంగా డెబ్బై రెండేళ్లున్న అవ్వ కాగితం మీద అరవై ఆరుగా మిగిలితే పథకం ఆమెకు అందదు. పుట్టిన తేదీ సవరణకు ఋజువు పత్రం చూపాలి, ఆ సవరణ కూడా మామూలుగా ఒక్కసారే అనుమతిస్తారు. కనుక తొందరపడి తప్పు తేదీ వేయించడం అసలు వేయించకపోవడం కన్నా చేటు. మరొక ఇబ్బంది వేలిముద్ర. పత్తి తీసి, మిర్చి ఏరి, నాట్లు వేసి అరిగిన వేళ్లను యంత్రం గుర్తించకపోవచ్చు. ఈ-కేవైసీ, అంటే ఆధార్ ద్వారా మనిషిని ధ్రువీకరించడం, ముఖం లేదా కంటిపాప చూపించి గాని, ఫోనుకు వచ్చే ఓటీపీతో గాని చేయవచ్చు. అయితే ఓటీపీ రావాలంటే ఫోన్ నంబరు ముందే ఆధార్‌కు జోడించి ఉండాలి, పాత నంబరు పోయి ఏళ్లయిన ఇళ్లే ఎక్కువ. ఇవి చాలావరకు ఆధార్ కేంద్రం చుట్టూ తిరిగితే గాని తీరనివి. పక్షవాతం వచ్చి మంచాన పడిన మనిషిని ఆ కేంద్రానికి మోసుకుపోవడం ఎవరి తరం కాదు. ఈ పని ముసలివారు తమ కాళ్ల మీద తాము నడుస్తున్నప్పుడే జరగాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఆయుష్మాన్ యాప్‌లో ఇంటి నుంచే నమోదు చేయవచ్చు, సందేహాలుంటే 14555కు ఫోన్ చేయవచ్చు. మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్, కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్ఎస్ వంటివి ఉన్నవారు రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. కార్డు ఉన్నా పథకంతో ఒప్పందం ఉన్న ఆసుపత్రిలోనే అది చెల్లుతుంది. కల్లూరు వాసులకు ఖమ్మంతో పాటు విజయవాడ కూడా అందుబాటులో ఉన్నది గనుక, రాష్ట్రం దాటినా పనికివచ్చే ఈ పథకం కింద రెండు చోట్లా ఏ ఆసుపత్రులున్నాయో యాప్‌లో చూసి, వాటి పేర్లు కార్డు నకలు వెనుక రాసి ఇంట్లో పెద్దలకు తెలిసిన చోట ఉంచాలి.

ఆశీస్సులతో,
తాతయ్య