తంగేడు: గుర్తించుట, పెంచుట



సెంటినరీ కాలనీ చుట్టుపట్ల గ్రామములలో మెట్టచేల గట్లును, బాటల ప్రక్కలును, బీళ్లును తంగేటి పొదలకు సహజమైన తావులు. గనులకును, ఇండ్లకును, రోడ్లకును భూమి పోవుటచేతను, మిగిలిన బీళ్లను యంత్రములతో చదును చేయుటచేతను ఆ పొదలు తరుగుచున్నవి. 2014వ సంవత్సరమున తంగేటిపువ్వు తెలంగాణ రాష్ట్రపుష్పముగా ప్రకటింపబడినది. అయినను బతుకమ్మ పండుగకు మన ఆడుబిడ్డలు గంపెడు పువ్వులకై దూరపు గుట్టలకు పోవలసి వచ్చుచున్నది. కావున ఈ మాసమున తంగేటిని గూర్చి వ్రాయుచున్నాము.

గుర్తించు విధము

తంగేడు నిలువెత్తు పెరుగు పొద. ఒక్కొక్క ఈనెకు ఇంచుమించు ఎనిమిది మొదలు పండ్రెండు జతల చిన్న ఆకులుండును. ఆకుకాడ మొదట, కొమ్మ నంటి, చెవి ఆకారముగల చిన్న రెబ్బలు కనబడును. శాస్త్రజ్ఞులు దీనిని సెన్నా ఆరిక్యులేటా యనుటకు కారణమిదియే. లాటిను భాషలో ఆ మాటకు చెవులు గలదని యర్థము. పువ్వు పచ్చనిది, ఐదు రేకులది, సుమారు రెండంగుళముల వెడల్పుగలది. కాయ పలుచనై, చదునై, ఎండినప్పుడు కాగితమువలె గలగలలాడును.

కసిందతో భేదము

కసింద పువ్వును పచ్చనిదే యగుటచే తెలియనివారు పొరబడుదురు. కసింద ఆకులు మూడు మొదలు ఐదు జతలు మాత్రమే, మొనదేలి యుండును. నలిపిన దుర్గంధము వచ్చును. చెవిరెబ్బలుండవు. కాయ సన్నగా, కొంచెము పైకి వంగి, అంచులు తెలుపెక్కి యుండును. ఈ భేదము నెరుగుట ప్రాణావసరము. 2016వ సంవత్సరమున ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో నూరుమందికి పైగా పిల్లలు మరణించిరి. కొందరికి మెదడువాపు జ్వరము కారణము కాగా, మరికొందరి విషయమున కసింద గింజలలోని విషమే కారణమని వైద్యనిపుణులు తేల్చిరి. కావున ఇండ్లచెంతను, బడులచెంతను మొలచిన కసిందను కాయ పట్టకమునుపే పెరికివేయవలయును. తంగేటి గింజలను సైతము పిల్లలను నోట పెట్టుకొననీయరాదు.

విత్తుట

మేము మొదట బీటినుండి ఎదిగిన పొదలను త్రవ్వించి గట్లపై నాటించి నష్టపోతిమి. తల్లివేరు తెగినందున అవి యన్నియు ఎండిపోయినవి. విత్తి పెంచుటయే మేలు. కాయలు చెట్టుననే బాగుగ ఎండిన పిదప కోసి గింజ తీయవలయును. పైపొర గట్టిది గావున, నీరు మరిగించి దించి, కొంచెము చల్లారనిచ్చి, గింజలపై పోసి, రాత్రియంతయు నాననీయవలయును. ఉబ్బిన గింజలను తొలకరి వానలు పడినంతనే గట్టుపై మూడడుగుల కొకచోట, రెండు మూడు చొప్పున, అరంగుళము లోతున పెట్టవలయును. నీరు నిలుచు చోటు పనికిరాదు. మొదటి వేసవి దాటువరకు కలుపు తీసి, మొదట చెత్త కప్పిన చాలును. పిమ్మట రాతినేలయందైనను, ఎండకైనను తాళును. పశువులు దీనిని అంతగా ముట్టవు.

కోత, పూత

తంగేటి ఆకును వరిమడిలో త్రొక్కించు వాడుక మనకు గలదు, మంచి ఎరువు. అయితే వానకాలమున కొమ్మలన్నియు నరికినచో పండుగకు పూత యుండదు. ఒక పొద విడిచి ఒక పొద నరుకుడు. మరుసటి యేట తక్కినవానిని నరుకుడు. పువ్వులు కోయువారును కొమ్మ విరువక కొసలు మాత్రమే త్రుంపవలయును. నాలుగు పొదలలో ఒకదానిని తాకక విడువవలయును. పువ్వంతయు తెంపినచోట కాయ లేదు, కాయ లేనిచోట విత్తు లేదు.

సంఘసభ్యులు ఒక్కొక్కరు దోసెడు గింజలు ఈ చలికాలమున దాచి, తొలకరికి తమ గట్టుపై పెట్టుకొన్నచో, మూడు నాలుగేండ్లకు ఊరి పువ్వు ఊరనే దొరకును. ఖర్చు లేని పని, చేయుదురని నమ్ముచున్నాము.