మూసీకి ఎదురెక్కి: 200 కిలోమీటర్ల సైకిల్ బ్రెవేకి తయారీ

బ్రెవే పందెం కాదు. ఈ ఒక్క సంగతి మనసుకి ఎక్కితే తయారీ సగం అయినట్టే. 200 కిలోమీటర్లకి గడువు పదమూడున్నర గంటలు. 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. గడువు లోపల ఎప్పుడొచ్చినా పూర్తిచేసినట్టే లెక్క. ఫస్టు, సెకండు అంటూ ఏమీ లేవు. ఈ పద్ధతి ఫ్రాన్స్‌లో పుట్టింది. అక్కడి ఆడాక్స్ క్లబ్ పారిసియన్ ప్రపంచమంతటా జరిగే బ్రెవేలకి గుర్తింపు ఇస్తుంది. మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండొనర్స్ కింద ఆయా ఊళ్ల క్లబ్బులు వీటిని నడుపుతాయి. హైదరాబాద్‌లో ఏటా చాలా బ్రెవేలే జరుగుతాయి.

రెండో షరతు కాస్త కఠినం. దారిలో మీ బండి బాగోగులు మీవే. వెనకాల కారులో నీళ్లూ తిండీ పట్టుకుని ఎవరూ రాకూడదు. ఎవరైనా వచ్చి సాయం చేయాలంటే కంట్రోల్ దగ్గరే, అంటే దారిలో మీ రాకని నమోదు చేసే చోటే, చేయాలి. తోటి సైకిలిస్టు చేయి వేస్తే అభ్యంతరం లేదు. దుకాణంలో ఏదైనా కొనుక్కోవచ్చు, మెకానిక్‌ని పట్టుకోవచ్చు.

హైదరాబాద్ పడమటి శివార్ల నుంచి మొయినాబాద్, చేవెళ్ల, వికారాబాద్ మీదుగా అనంతగిరి, అక్కణ్నుంచి కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు వెళ్లి అదే దారిన వెనక్కి రావడం అనుకుందాం. కాస్త అటూ ఇటూగా 200 కిలోమీటర్లు వస్తుంది. ఏ బ్రెవేకి ఏ దారి అన్నది క్లబ్బు చెబుతుంది గానీ, తయారీ ఎలా ఉండాలో చూపడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలీదు.

ముందు ఒంటి సంగతి. వంద తొక్కగలిగినవాళ్లు రెండొందలూ తొక్కగలరు. అందుకని గురి వంద మీద పెట్టండి. రెండు నెలల ముందు నుంచీ వారంలో మూడు రోజులు గంట చొప్పున, ఆదివారాలు 40తో మొదలుపెట్టి 60, 80, 100 అలా పెంచుకుంటూ పోండి. ఇందులో కాళ్లకి వచ్చే బలం కన్నా కూర్చోవడం అలవాటు కావడం ముఖ్యం. పది గంటలు సీటు మీద కూర్చుంటే నొప్పి పుట్టేది తొడల్లో కాదు, అరచేతుల్లో, మెడలో, సీటుకి ఆనేచోట. ప్యాడ్ ఉన్న షార్ట్స్ కొనుక్కోండి, దాని లోపల లోదుస్తులు వేసుకోకండి. కుట్టు ఒరుసుకుని వంద దాటేసరికి చర్మం లేచిపోతుంది. ఇది అడగడానికి అందరూ మొహమాటపడతారు కాబట్టి నేనే ముందు చెబుతున్నాను.

సైకిల్ ఖరీదుదే అవ్వాలన్న రూలేమీ లేదు. గేర్లున్న మామూలు హైబ్రిడ్ మీద బ్రెవేలు పూర్తిచేసేవాళ్లు బోలెడంతమంది. సీటు ఎత్తు మాత్రం కచ్చితంగా సరిచూసుకోవాలి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్‌ని అన్నిటికన్నా కిందికి దించి, దాని మీద మడమ పెట్టండి. మోకాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు ముంగాలు పెట్టి తొక్కుతాం కాబట్టి అప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. సీటు దిగువైతే మోకాలి ముందు భాగం నొప్పెడుతుంది. ఎత్తైతే నడుం అటూ ఇటూ ఊగుతుంది. బ్రేకులూ చైనూ వారం ముందే చూపించేయండి, ముందురోజు రాత్రి కొత్త సామానేదీ బిగించొద్దు.

వెంట తీసుకెళ్లాల్సినవి రెండు ట్యూబులు, టైరు లివర్లు, చేతి పంపు, ప్యాచీలు, అలెన్ కీల సెట్టు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, మెరిసే చారల జాకెట్టు, హెల్మెట్. చలికాలంలో తెల్లవారుజామున బయల్దేరితే చీకటే ఉంటుంది కాబట్టి లైటూ జాకెట్టూ లేనివాళ్లని నిర్వాహకులు కదలనివ్వరు. అది చాదస్తం కాదు.

ట్యూబు మార్చడం ఇంట్లోనే నాలుగైదుసార్లు చేసి చేతికి అలవాటు చేసుకోవాలి, వెనక చక్రంతో సహా. మన రోడ్ల మీద మేకులు తక్కువ, ముళ్లు ఎక్కువ. మేకల కాపరులు కొట్టిన తుమ్మకొమ్మలు, కంచెల నుంచి రాలిన సర్కారుతుమ్మ పుల్లలు రోడ్డు అంచునే పడి ఉంటాయి. గాలి పోగానే టైరు ఒక పక్క లివర్‌తో లేపి ట్యూబు లాగెయ్యండి. కొత్తది వెంటనే తొడగొద్దు. టైరు లోపలి వైపు వేలికొసలతో మెల్లగా, ఒక చుట్టు పూర్తిగా తడమండి. ముల్లు పైకి కనిపించదు. రబ్బరులో విరిగి, మొన ఒక్కటే లోపలికి పొడుచుకుని ఉంటుంది. అది చేతికి తగిలాక, బయటి నుంచి నొక్కుతూ గోళ్లతో గానీ చిన్న పట్టకారుతో గానీ పీకెయ్యాలి. ఆ మొన అక్కడే ఉంటే రెండో ట్యూబూ రెండు కిలోమీటర్లలో పోతుంది. కొత్త ట్యూబుకి నోటితో కాస్త గాలి ఊది గుండ్రంగా చేసి లోపల పెడితే మడత పడదు. చివర్లో టైరుని చేతులతోనే ఎక్కించండి, లివర్ వాడితే ట్యూబు నలిగి చిల్లుపడుతుంది.

ఇక అసలు లెక్క. గంటకి 20 కిలోమీటర్ల చొప్పున తొక్కితే రెండొందలకి పది గంటలు. ఆగడానికి మూడున్నర గంటలు మిగులుతాయి. 18 చొప్పునైతే పదకొండు గంటలు దాటుతుంది, మిగిలేది రెండుంపావు. అంటే నెమ్మదిగా తొక్కినా గండం లేదు. ఎటొచ్చీ ఆగడమే ప్రమాదం. టీకి పది నిమిషాలు అనుకుని దిగితే ఫొటోలు, కబుర్లు, మళ్లీ చేతి తొడుగులు తొడుక్కోవడంతో అరగంట అవుతుంది. నేను చూసినంతలో తొక్కలేక మానేసినవాళ్ల కన్నా ఆగి ఆగి గడువు పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. దిగేముందే ఏమేం చేయాలో అనుకోండి: నీళ్లు నింపుకోవాలి, అరటిపండు తినాలి, కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. అవి కాగానే ఎక్కెయ్యాలి.

బ్రెవే కార్డు బయల్దేరే చోటే ఇస్తారు. దారి మధ్యలో ఉండే కంట్రోళ్ల దగ్గర దాని మీద సంతకమో ముద్రో, టైమూ పడాలి. ప్రతి కంట్రోలూ తెరిచే సమయం, మూసే సమయం కార్డులోనే ఉంటాయి. ఉదాహరణకి ఆరింటికి బయల్దేరితే వందో కిలోమీటరు దగ్గరున్న కంట్రోల్ మధ్యాహ్నం 12.40కి మూసేస్తారు. కొన్నిచోట్ల మనుషులెవరూ ఉండరు. ఏదో ఒక దుకాణం బిల్లు తెచ్చుకోవడమో, అక్కడి బోర్డు మీద ఏం రాసుందో కార్డులో రాయడమో చేయాలి. కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో వేసుకోండి, చెమటకి తడిస్తే రాసింది కనిపించదు.

బయల్దేరాక మొదటి గంట కావాలని నెమ్మదిగా పోవాలి. పక్కవాళ్లు దూసుకుపోతుంటే పోనివ్వండి. ఊరు దాటుతుండగా కుడివైపు లోపలికి గండిపేట, ఎడమవైపు హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద హైదరాబాద్‌ని ముంచాక కట్టిన జలాశయాలు ఇవి. మీరు పోతున్నది ఆ మూసీ పుట్టిన కొండలకే. నది అక్కణ్నుంచి ఇక్కడికి పారుతోందంటే దారి పొడుగునా మనం ఎత్తుకి పోతున్నట్టే. కళ్లకి చదునుగా కనిపిస్తుంది, కాళ్లకి తెలుస్తుంది. అందుకే వెళ్లేటప్పుడు వేగం తగ్గితే కంగారు పడొద్దు, గేరు ఒకటి తగ్గించి కాళ్లు తేలిగ్గా ఆడేలా చూసుకోండి.

మొయినాబాద్ దాటాక చేవెళ్ల మర్రిచెట్లు వస్తాయి. రోడ్డుకి రెండు పక్కలా ఊడలు దిగిన వందలాది చెట్లు. రోడ్డు వెడల్పు పేరుతో వీటిని కొట్టొద్దని ప్రకృతి ప్రేమికులు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. తెల్లవారుతుండగా ఆ నీడలోంచి సైకిల్ మీద పోయినవాళ్లకి, ఎందుకంత పోరాడారో ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే ఇదే రోడ్డు మీద టిప్పర్లూ బస్సులూ జోరుగా పోతాయి. ఒకరి వెనక ఒకరు వరసగా తొక్కండి, పక్కపక్కన పోతూ మాట్లాడుకోవద్దు. చెట్ల నీడలో ఎర్ర లైటు పగలు కూడా వేసే ఉంచండి.

నీళ్లు దాహం వేసే దాకా ఆగకుండా పావుగంటకో గుక్క తాగాలి. ఒక సీసాలో మామూలు నీళ్లు, ఇంకోదాంట్లో ఓఆర్ఎస్. గంటకోసారి అరటిపండో, పల్లీపట్టీయో నోట్లో పడాలి. మధ్యాహ్నం హోటల్లో ఫుల్ మీల్స్‌కి కూర్చోవద్దు, కాస్త పెరుగన్నం చాలు. ఊళ్లలో టీ కొట్టు దగ్గర ఆగితే "గింత పొద్దుగాల ఏడికి పోతున్రు బిడ్డా?" అని అడుగుతారు. సైకిల్ మీద కోట్‌పల్లి పోయి మళ్లీ వస్తామంటే నమ్మరు గానీ, సీసాలో నీళ్లు మాత్రం అడక్కుండానే నింపిస్తారు. కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్యన పెట్టుకుని నాలుగడుగులు నడిస్తే చాలావరకు వెనక్కి పోతాయి.

వికారాబాద్ దాటాక అనంతగిరి. చిన్న ఘాటే, కానీ అప్పటికే డెబ్బై కిలోమీటర్లు కాళ్లలో ఉంటాయి. అన్నిటికన్నా తేలిక గేరుకి మలుపుకి ముందే మార్చుకోండి, ఎత్తులో మారిస్తే చైను కరకరమని పడిపోవచ్చు. హ్యాండిల్ బిగించి పట్టుకోకుండా భుజాలు వదులు చేయండి. ఊపిరి అందకపోతే దిగి నడవొచ్చు, నడవకూడదన్న రూలు లేదు. చుట్టూ అడవి, ఎర్రమట్టి, మలుపు తిరిగితే చల్లగాలి. ఫిబ్రవరి చివర్లో వస్తే మోదుగలు పూసి ఉంటాయి. పైన అనంతపద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టిందీ ఈ కొండల్లోనే. ఫొటోలకి ఎంతసేపైనా ఆగాలనిపించే చోటు ఇదొక్కటే. ఇక్కడ ఆగండి, దానికోసమే ముందు టైము మిగుల్చుకున్నది.

కొండ దిగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి, వదిలి పట్టుకుంటూ దిగాలి. ఎండుటాకులూ కంకరా ఉన్న మలుపులో ముందు బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది.

కోట్‌పల్లి నుంచి వెనక్కి తిరిగి, మళ్లీ అనంతగిరి దాటాక అసలు పరీక్ష. నేల పల్లమే, నదితో పాటే దిగుతున్నాం. కానీ చలికాలంలో తూర్పు నుంచి గాలి వీస్తుంది, మన మొహం తూర్పుకే. పత్తిచేలూ కందిచేలూ ఉన్న ఆ బయలులో గాలికి అడ్డేదీ ఉండదు. ఇక్కడ ఒంటరిగా తొక్కొద్దు. ముగ్గురు నలుగురు కలిసి, ముందున్నవాళ్లు గాలికి అడ్డుగా ఉండి ఐదు నిమిషాలకోసారి వెనక్కి వచ్చేస్తే అందరికీ శ్రమ తగ్గుతుంది. లారీ వెనక మాత్రం నక్కొద్దు, అది నిషిద్ధం, ప్రాణాంతకం కూడా. 130, 140 కిలోమీటర్ల దగ్గర అందరికీ మానేయాలనిపిస్తుంది. అది చాలాసార్లు అలసట కాదు, ఆకలి. ఏదైనా తిని, ఉప్పేసిన నిమ్మసోడా తాగి, ఇరవై నిమిషాలు తొక్కాక అప్పుడు నిర్ణయించుకోండి. కళ్లు తిరుగుతున్నా, వణుకు వస్తున్నా మాత్రం అక్కడే ఆగి నిర్వాహకులకి ఫోన్ చేసి చెప్పాలి. చెప్పకుండా ఇంటికి వెళ్లిపోతే రాత్రంతా మీకోసం వెతుకుతారు.

చివరి కంట్రోల్‌లో కార్డు మీద సంతకం చేసి అప్పగించాలి. ఆ కార్డుని పరిశీలించి, గుర్తింపు నంబరు ఇవ్వడానికి సమయం పడుతుంది. మెడల్ కావాలంటే మామూలుగా దానికి వేరే డబ్బు కట్టాలి. ఆ సాయంత్రం ఇంటికి సొంతంగా బండి నడుపుకుంటూ పోవద్దు, ఎవరినైనా రమ్మనండి. ఒకే సంవత్సరంలో 200, 300, 400, 600 నాలుగూ పూర్తిచేస్తే సూపర్ రాండొనర్ అంటారు. 1891లో మొదలై, ఇప్పుడు నాలుగేళ్లకోసారి 90 గంటల గడువుతో 1200 కిలోమీటర్ల మేర జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్‌కి వెళ్లాలంటే ఆ ఏడాది ఈ నాలుగూ చేసి ఉండాలి. బ్రెవే లెక్కల్లో సంవత్సరం నవంబరుతో మొదలై అక్టోబరుతో ముగుస్తుంది కాబట్టి, చలికాలం మొదట్లోనే 200 తొక్కేసినవాళ్లకి 300 తయారీకి సమయం చిక్కుతుంది. దానికి లైటు బ్యాటరీ ఒకటి అదనంగా కొనుక్కోవాలి, రాత్రి తొక్కడం ఉంటుంది.