దండన విధించుటకు ముందు

విద్యార్థులారా! ఒకడు నేరము చేసెనా లేదా యనునది యొక ప్రశ్న. చేసినయెడల వానికెంత దండన తగుననునది వేరొక ప్రశ్న. ఈ రెంటిని వేరుచేసి విచారింపవలెనను నియమము మన దేశపు న్యాయస్థానములలో నెట్లేర్పడెనో యీ పాఠమున వివరించెదము.

ఏవి నేరములో, వానికేవి శిక్షలో తెలుపుటకు 1860వ సంవత్సరమున ఇండియన్ పీనల్ కోడ్ ఏర్పడెను. హత్యకు మరణశిక్ష యైనను, యావజ్జీవ శిక్ష యైనను విధింపవచ్చునని యందుండెను. ఆ రెంటిలో నేది విధింపవలెను? దీనికి విచారణక్రమమును దెలుపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చూడవలెను. 1898వ సంవత్సరపు కోడ్‌లోని 367వ సెక్షను ప్రకారము, మరణశిక్షకు దగిన నేరమునకు జడ్జి వేరొక శిక్ష విధించినయెడల, మరణశిక్ష యేల విధింపలేదో కారణము వ్రాయవలసియుండెను. అనగా ఉరియే సామాన్యము. ప్రాణము నిలుపుటకే కారణము కావలెను.

1955వ సంవత్సరపు సవరణచట్టము ఆ నిబంధనను దొలగించెను. 1974 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చిన క్రొత్త కోడ్ త్రాసును రెండవవైపునకు మొగ్గించెను. మరణశిక్ష విధించు జడ్జియే ప్రత్యేక కారణములు వ్రాయవలెనని దాని 354వ సెక్షను శాసించెను. నేరము రుజువైన పిదప, శిక్షను గూర్చి ముద్దాయి చెప్పుకొనునది వినవలెనని 235వ సెక్షను విధించెను.

ఈ రెండవ నియమమేల? "నేను చేయలేదు" అని వాదించువాడు అదే నోట "పేదరికముచే చేసితిని" అని చెప్పుకొనజాలడు. వాని వయస్సు, పూర్వపు నడవడి, వ్యాధి, కుటుంబస్థితి, మారుటకు గల యవకాశము: ఇవి నేరము రుజువగుటకు పనికిరావు; శిక్షను నిర్ణయించుటకు మిక్కిలి యవసరము. 1976లో పంజాబునుండి వచ్చిన యొక యప్పీలులో ఇట్టి విచారణ జరుగలేదని కనుగొని, సుప్రీముకోర్టు మరణశిక్షను రద్దుచేసి, ముద్దాయి మాట వినుటకై కేసును సెషన్సు కోర్టునకు మరల బంపెను.

1980లో బచన్ సింగ్ కేసున ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు, అరుదైనవానిలోకెల్ల అరుదైన సందర్భమున దప్ప మరణశిక్ష తగదనియు, నేరమునేగాక నేరస్థునిగూడ చూడవలెననియు చెప్పిరి. యావజ్జీవ ఖైదీ హత్య చేసినచో మరణశిక్షయే విధింపవలెనను పీనల్ కోడ్ 303వ సెక్షనును సుప్రీముకోర్టు 1983లో కొట్టివేసెను. జడ్జికి యోచించు స్వాతంత్ర్యము లేని శిక్ష న్యాయము కాజాలదు గదా!

2024 జూలై 1వ తేదీన పాతకోడ్ స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చినను ఈ రెండు నియమములు నందు నిలిచియున్నవి. సెషన్సు కోర్టు విధించిన మరణశిక్షను హైకోర్టు ధ్రువపరుపవలెననునదియు నిలిచినది. అయినను చిక్కు తీరలేదు. నేరము రుజువైన దినముననే శిక్షయు విధించినచో, బీదవాడైన ముద్దాయి తన జీవితచరిత్రకు సాక్ష్యము నెట్లు తెచ్చుకొనగలడు? వానికి నిజమైన యవకాశమెట్లు కల్పింపవలెనను ప్రశ్న 2022 సెప్టెంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనమునకు నివేదింపబడెను.

పొరపాటున విధించిన కారాగారమును అప్పీలులో తగ్గింపవచ్చును. తీసిన ప్రాణమును ఏ కోర్టును మరల ఈయజాలదు. కావుననే కారణము వ్రాయు భారము ఒకరినుండి వేరొకరిపై బడినట్లు కనుపించు ఈ చిన్న మార్పు మిక్కిలి గొప్పది.

ప్రశ్నలు: 1. 1898, 1973 కోడ్‌ల నియమములకు గల భేదమేమి? 2. తరగతిలో పలక పగులగొట్టిన బాలుని దండించుటకు ముందు మీరు వానిని ఏమేమి యడుగుదురు?